పగడపు దిబ్బలను కాపాడిన కవయిత్రి

పగడము నవరత్నములలో ఒకటి. తెలుగింటి ఆడుబిడ్డలు పగడాల పేరులు ధరించుట తరతరములుగా వచ్చుచున్న వాడుక. అయినను పగడము భూమిలో పుట్టిన రాయి కాదనియు, సముద్రములో జీవించు ఒక చిన్న ప్రాణి కట్టుకొన్న గూడనియు ఎరిగినవారు తక్కువ. నగలకు పనికివచ్చు ఎఱ్ఱపగడము ఒక జాతి. దానికి దూరపు చుట్టములైన మరికొన్ని జాతులు వెచ్చనైన, లోతు తక్కువైన సముద్రములలో గుంపులు గుంపులుగా పెరుగును. వానిలో పెక్కు ప్రాణులు కందిగింజకంటె పెద్దవి కావు. అవి సముద్రజలములోని సున్నమును గ్రహించి తమ చుట్టును గట్టి గిన్నెలవంటి గూళ్లు నిర్మించుకొనును. ఒక ప్రాణి చనిపోయిన పిదప దాని గూటిపై మరియొకటి గూడు కట్టును. ఇట్లు వేలకొలది సంవత్సరములు జరుగగా సముద్రమధ్యమున పగడపు దిబ్బలు లేచును.

ఇట్టి దిబ్బలలో భూమండలమున అన్నిటికంటె పెద్దవి ఆస్ట్రేలియా ఖండమునకు ఈశాన్యభాగమున, క్వీన్స్‌లాండ్ రాష్ట్రమున కెదురుగా సముద్రములో నున్నవి. వానిని గ్రేట్ బారియర్ రీఫ్ అందురు. పేరును బట్టి అది ఒకే గోడయని తలంపరాదు. దాదాపు 2,900 దిబ్బలు వరుసతీరి 2,300 కిలోమీటర్ల దూరము వ్యాపించి యున్నవి. ఇచ్ఛాపురము మొదలు తడ వరకు గల మన ఆంధ్రతీరము సుమారు వేయి కిలోమీటర్లు. దానికి రెండింతలకు మించిన పొడవు ఈ దిబ్బలది. అచ్చట సుమారు 400 జాతుల పగడపు ప్రాణులును, 1,500 జాతుల చేపలును కలవు. లోకములో సముద్రపు తాబేళ్లు ఏడు జాతులు కాగా వానిలో ఆఱు జాతులు అచ్చట కనబడును. తిమింగలములు పిల్లలను పెట్టుటకు ఆ వెచ్చని నీటికి వచ్చును.

కాని ఒడ్డున నిలిచి చూచువానికి ఇందులో ఏమియు కనబడదు. పెక్కు దిబ్బలు తీరమునకు మైళ్లకొలది దూరమున, నీటి క్రిందనే యుండును. అడవిని నరికినచో ఊరివారు చూతురు. సముద్రము నడుమ దిబ్బను త్రవ్వినచో చూచువా రెవ్వరు? 1960 తరువాతి పది సంవత్సరములలో ఈ దిబ్బలకు సున్నము త్రవ్వువారి వలనను, చమురు వెదకువారి వలనను గొప్ప ఆపద వాటిల్లెను. ఆ ఆపద నెదుర్కొన్న వారిలో ముఖ్యురాలు సముద్రశాస్త్రము చదివిన పండితురాలు కాదు. కవిత్వము వ్రాసుకొనుచు కొండమీద కాపురముండిన ఒక స్త్రీ. ఆమె పేరు జూడిత్ రైట్.

జూడిత్ రైట్ 1915వ సంవత్సరము మే నెల 31వ తేదీన న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రములోని ఆర్మిడేల్ పట్టణసమీపమున జన్మించెను. ఆమె పూర్వులు విశాలమైన పచ్చికబీళ్లలో పశువులను, గొఱ్ఱెలను మేపి సంపన్నులైనవారు. చుట్టుపట్ల బడి లేకపోవుటచే ఆమె తపాలాలో వచ్చు పాఠములను ఇంటియొద్దనే చదువుకొనెను. తల్లి దీర్ఘరోగి. మంచము పట్టిన తల్లిని సంతోషపెట్టుటకై ఆ బాలిక ఆఱేండ్ల ప్రాయముననే పద్యములు వ్రాయ మొదలిడెను. 1927లో ఆ తల్లి కన్నుమూసెను. అప్పటికి జూడిత్‌కు పండ్రెండేండ్లు నిండీ నిండలేదు. పిమ్మట ఆమె వసతిగృహము గల పాఠశాలలోను, సిడ్నీ విశ్వవిద్యాలయములోను చదివెను. ఇరువదేండ్లు దాటిన కొలదికాలమునకే ఆమెకు చెవుడు ప్రారంభమై, ఏటేట హెచ్చుచు వచ్చెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున పనివారందఱు సైన్యమునకు పోగా, ఆమె తండ్రికి తోడ్పడుటకై పుట్టినచోటికి తిరిగి వచ్చెను. చిన్ననాడు ఆడుకొన్న కొండలను, వాగులను మరల చూచినపుడు ఆ నేలపై తనకు గల మమకార మెంతటిదో ఆమెకు తెలిసినది. 1946లో ఆమె మొదటి కవితాసంపుటము వెలువడెను. అనతికాలముననే ఆమె పేరు ఆ దేశమంతట వ్యాపించెను. ఆమె పద్యములు పాఠశాలల వాచకములకు ఎక్కెను. జాక్ మెకిన్నీ అను తత్త్వవేత్తతో కలిసి ఆమె క్వీన్స్‌లాండ్‌లోని టాంబొరీన్ కొండపై నివసించెను. వారికి 1950లో ఒక కుమార్తె కలిగెను.

పగడపు దిబ్బలను ఆమె 1949వ సంవత్సరమున లేడీ ఎలియట్ అను దీవియందు సమీపముగా చూచెను. అది ఆ దిబ్బల వరుసకు దక్షిణాగ్రమున నున్న చిన్న దీవి. పాటు సమయమున నీరు తగ్గగా, దిబ్బలమీది మడుగులలో రంగురంగుల పగడములు, వాని సందులలో తిరుగు చేపలు అద్దములో వలె కనబడును. అయితే ఆ దీవి కథ అంత అందమైనది కాదు. 19వ శతాబ్దమున వ్యాపారులు అచ్చటి పక్షుల రెట్టను ఎరువుకొఱకు త్రవ్వుకొని పోవుటలో, నేలపై మట్టిని, చెట్టుచేమలను కూడ ఊడ్చివేసిరి. దాదాపు వంద సంవత్సరములు గడచినను ఆ దీవి బోసిగనే యుండెను. పచ్చని దీవిని బోడి చేయుటకు మనుష్యులకు పది సంవత్సరములు చాలినవి.

టాంబొరీన్ కొండపైని అడవులు కూడ ఒక్కొక్కటిగా కోతమిల్లుల పాలగుచుండుట ఆమె చూచుచునే యుండెను. 1962లో ఆమెయు, అడవిపూలను చిత్రించు కాథ్లీన్ మెకార్థర్ అను స్నేహితురాలును, డేవిడ్ ఫ్లే అను ప్రకృతిశాస్త్రజ్ఞుడును, బ్రయాన్ క్లౌస్టన్ అను ప్రకాశకుడును కలిసి క్వీన్స్‌లాండ్ వన్యప్రాణి సంరక్షణ సంఘమును స్థాపించిరి. జూడిత్ రైట్ దానికి అధ్యక్షురాలై 1976 వరకు ఆ భారమును మోసెను. కవులకు ఇట్టి పనులేల యని అడుగువారు ఏ దేశమునందైనను ఉందురు. ఆమె దానికి మాటలతో గాక, ఉత్తరములతో సమాధానమిచ్చెను. మంత్రులకు, పత్రికలకు, పండితులకు ఆమె వ్రాసిన ఉత్తరములకు లెక్కలేదు. 1966లో మెకిన్నీ మరణించెను. ఆ దుఃఖము తీరకముందే పగడపు దిబ్బల సమస్య ఆమె వాకిట నిలిచెను.

మన తీరగ్రామములలో ఆలుచిప్పలను, నత్తగుల్లలను కాల్చి గుల్లసున్నము చేయుట కలదు. పగడము కూడ సున్నపుగూడే కదా! ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో చెఱకు విస్తారముగా పండును. ఆ నేలల పులుపు విఱుచుటకు సున్నము కావలయును. 1967లో ఒక చెఱకు రైతు, ఇన్నిస్‌ఫెయిల్ పట్టణమునకు ఎదుటి సముద్రములో నున్న ఎల్లిసన్ దిబ్బ చచ్చిన దిబ్బ యనియు, దానిని త్రవ్వి సున్నము తీసికొనుటకు తనకు అనుమతి నొసగవలయు ననియు గనుల అధికారికి దరఖాస్తు పెట్టెను. చట్టప్రకారము పత్రికలో ప్రకటన వెలువడెను. ఆ ప్రాంతమున బింగిల్ బే అను సముద్రతీరగ్రామమున జాన్ బుస్ట్ అను చిత్రకారుడు నివసించుచుండెను. ఆయన సంరక్షణ సంఘమునకు ఇన్నిస్‌ఫెయిల్ శాఖ నడపుచుండెను. ఆ ప్రకటనలోని అపాయమును ఆయన వెంటనే గ్రహించెను. ఒక్క దిబ్బకు అనుమతి దొరికినచో, అదే త్రోవను మిగిలిన దిబ్బలన్నియు పోవుననుట నిశ్చయము. బుస్ట్ అభ్యంతరము దాఖలు చేసి జూడిత్ రైట్‌కు తెలియజేసెను. అడవుల శాస్త్రమున పేరుగాంచిన లెన్ వెబ్ వారితో చేరెను. కవయిత్రి, చిత్రకారుడు, అడవుల పండితుడు: ముగ్గురిలో ఒక్కరును సముద్రశాస్త్రజ్ఞులు కారు.

సముద్రశాస్త్రజ్ఞుల సహాయము వారికి సులభముగా లభింపలేదు. దిబ్బలలో కొన్నిటిని వాడుకొని, కొన్నిటిని కాపాడినచో చాలునని పండితులలో పలువురు తలంచుచుండిరి. అప్పుడు క్వీన్స్‌లాండ్ లిట్టోరల్ సొసైటీ అను చిన్న సంఘమునకు చెందిన విశ్వవిద్యాలయ విద్యార్థులు ముందుకు వచ్చిరి. ఎడీ హెగర్ల్ అను యువకుడు వారికి నాయకుడు. జీతము లేదు, భత్యము లేదు. వారు బ్రిస్‌బేన్ నుండి దూరప్రయాణము చేసి వచ్చి, ఎల్లిసన్ దిబ్బచుట్టును నీటిలో మునిగి, కనబడిన ప్రతి జాతిని లెక్కించి పట్టీలు వ్రాసిరి. చచ్చినదన్న దిబ్బపై పెక్కు జాతుల పగడములు సజీవముగా నుండెను. చేపలకు కొఱత లేకుండెను.

ఇన్నిస్‌ఫెయిల్‌లో విచారణ జరిగెను. ఆస్ట్రేలియా పరిరక్షణ సంస్థ పక్షమున డాన్ మెక్‌మైకెల్ అను ప్రాణిశాస్త్రజ్ఞుడు సాక్ష్యమిచ్చెను. దిబ్బలో చచ్చిన భాగము కూడ వ్యర్థము కాదనియు, ఎన్నియో ప్రాణులకు అదియే ఇల్లనియు, క్రొత్త పగడములకు అదియే పునాది యనియు ఆయన వివరించెను. త్రవ్వునపుడు లేచు బురద ప్రవాహముతో సాగి ఇరుగుపొరుగు దిబ్బలపై పేరుకొని వానిని కూడ ఊపిరాడకుండ చేయును. ఇంటికి పునాదిరాయి ప్రాణములేని రాయియే. అంతమాత్రమున దానిని పెకలించి అమ్ముకొనువా రుండరు. గనుల అధికారి దరఖాస్తును త్రోసిపుచ్చవలసినదని సిఫారసు చేసెను. 1968లో ప్రభుత్వము అట్లే చేసెను. ఇది మొదటి గెలుపు.

అంతలో రెండవ గండము వచ్చెను. ఇది మొదటిదానికంటె ఎన్నో రెట్లు పెద్దది. సున్నము త్రవ్వగోరినవాడు ఒక రైతు. చమురు త్రవ్వగోరినవి ధనబలము గల కంపెనీలు. క్వీన్స్‌లాండ్ ప్రభుత్వము పగడపు దిబ్బలలో అత్యధికభాగమును చమురు అన్వేషణకై కంపెనీలకు అనుమతులుగా పంచిపెట్టి యుండెను. ప్రభుత్వము పిలిపించిన హ్యారీ లాడ్ అను అమెరికా భూగర్భశాస్త్రజ్ఞుడు స్వల్పకాలము దిబ్బలను పరిశీలించి, వాని సున్నమును, చమురును వాడుకొనవచ్చునని 1968లో నివేదిక నిచ్చెను. రాష్ట్ర ముఖ్యమంత్రికే చమురు వ్యాపారములో వాటాలున్నవన్న సంగతి తరువాత పత్రికల కెక్కి పెద్ద గొడవ యయ్యెను.

బుస్ట్‌కు దేశ ప్రధానమంత్రి హరొల్డ్ హోల్ట్ మిత్రుడు. హోల్ట్‌కు బింగిల్ బేలోనే విడిదియిల్లుండెను. సముద్రములో మునిగి చేపలను వేటాడుట ఆయనకు ఇష్టము. ఆయన ద్వారా పని జరుగునని బుస్ట్ ఆశించెను. కాని 1967 డిసెంబరు 17వ తేదీన హోల్ట్ విక్టోరియా రాష్ట్రమున సముద్రస్నానమునకు దిగి మరల తిరిగి రాలేదు. ఆయన దేహము కూడ దొరకలేదు. ఆశపెట్టుకొన్న ఒక్క తలుపు అట్లు మూతపడెను.

ఇక మిగిలినది ప్రజలకు తెలియజెప్పుటయే. జూడిత్ రైట్ సభలకు పోయెను. చెవులకు యంత్రము పెట్టుకొన్నను ఎదుటివారి మాట ఆమెకు సరిగా వినబడదు. పెదవుల కదలికను చూచి ప్రశ్నలను గ్రహించి, సమాధానములు చెప్పుచుండెను. పత్రికలకు వ్యాసములు వ్రాసెను. దిబ్బలను కాపాడుమని కోరు చీటీలను జనులు తమ మోటారుబండ్ల వెనుక అంటించుకొని తిరిగిరి. ఆమె వాదము సరళమైనది. ఈ దిబ్బలను గూర్చి మనుష్యులకు తెలిసినది బహుస్వల్పము. తెలియని దానిని పాడుచేసిన పిదప బాగుచేయు విధము కూడ తెలియదు. ఈ వాదము ఎంత నిజమైనదో కొన్నాళ్లకు గాని బయటపడలేదు. ఏటికి ఒకమారు, పూర్ణిమ దాటిన కొన్ని రాత్రులలో, దిబ్బలమీది పగడములు అనేకము ఒక్కసారిగా బీజములను నీటిలోనికి విడుచుననియు, ఆ రాత్రులలో సముద్రమున హిమము తలక్రిందుగా కురిసినట్లుండు ననియు యువశాస్త్రజ్ఞులు కనుగొన్నది 1981 తరువాత మాత్రమే. ఆమె పోరాడు నాటికి ఈ సంగతి పండితులు కూడ ఎరుగరు. ఆ బీజములు నీటిపై తేలును. చమురు కూడ నీటిపైననే తేలును.

లోకములో జరిగిన కొన్ని దుర్ఘటనలు ఆమె పక్షమున సాక్ష్యమిచ్చినవి. 1967 మార్చిలో టారీ కాన్యన్ అను పెద్ద చమురు ఓడ ఇంగ్లండు తీరమున బండలకు తగిలి పగిలెను. 1969 జనవరి 28వ తేదీన అమెరికాలో శాంటా బార్బరా తీరమున సముద్రములోని చమురుబావి అదుపు తప్పి పొంగెను. నల్లని జిగురు పట్టి ఎగురలేక చచ్చిన పక్షుల ఛాయాచిత్రములు ఆస్ట్రేలియా ప్రజలు కూడ చూచిరి. అట్టి ప్రమాదము తమ దిబ్బలమధ్య జరిగినచో ఏమగునో వారికి ఎవరును చెప్పనక్కరలేకపోయెను.

అయినను మకే పట్టణమునకు సమీపమున రిపల్స్ బే అను అఖాతమున బావి త్రవ్వుటకు రెండు కంపెనీలు కలిసి సిద్ధమయ్యెను. త్రవ్వు ఓడ కూడ బయలుదేరవలసి యుండెను. 1970 జనవరిలో కార్మికసంఘములు ఆ ఓడకు ఏ పనియు చేయబోమని బహిష్కారము ప్రకటించినవి. రేవులో కూలీలు, ఓడమీద పనివారు చేయి వేయనిదే బావి ఎట్లు త్రవ్వుదురు? కంపెనీలు పని నిలిపి, విచారణకు సమ్మతించినవి. పశువుల దొరల కుటుంబమున పుట్టిన కవయిత్రికి రేవుకూలీలు అండయగుట ఈ కథలో ఒక విశేషము. చట్టము చేయలేకపోయిన పనిని ఆ క్షణమున వారు చేసిరి. అదే సంవత్సరము మార్చి 3వ తేదీన ఓషియానిక్ గ్రాండర్ అను చమురు ఓడ టారెస్ జలసంధిలో, పటములలో లేని బండకు తగిలి, వేయి టన్నులకు పైగా చమురును సముద్రములో ఒలికించెను. దిబ్బలకు ఉత్తరాగ్రమున జరిగిన ఈ ప్రమాదముతో విచారణ సంఘము ఏర్పడక తప్పలేదు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములు కలిసి ముగ్గురు సభ్యులతో రాయల్ కమిషన్‌ను నియమించినవి.

కమిషన్ విచారణ నాలుగేండ్లకు పైగా సాగెను. అది ముగియుట చూచు భాగ్యము జాన్ బుస్ట్‌కు లేకపోయెను. 1971 ఏప్రిల్‌లో ఆయన మరణించెను. ప్రతి ఉత్తరమునకు తోడుగా నిలిచిన మిత్రుని మరణము జూడిత్ రైట్‌ను మిక్కిలి క్రుంగదీసెను. 1974 నవంబరులో కమిషన్ నివేదిక వెలువడెను. అది పూర్తి గెలుపు కాదు. తగిన జాగ్రత్తలతో కొన్నిచోట్ల త్రవ్వవచ్చునని ఇద్దరు సభ్యులు పలికిరి. అధ్యక్షుడు మాత్రము వారితో ఏకీభవింపలేదు.

అయితే అప్పటికి దేశములో ప్రభుత్వము మారి యుండెను. సముద్రము రాష్ట్రముదా, కేంద్రముదా అను ప్రశ్నకు 1973లో పార్లమెంటు ఒక చట్టము ద్వారా, కేంద్రముదే యని సమాధాన మిచ్చెను. 1975లో ఆ దేశపు ఉన్నతన్యాయస్థానము దానిని సమర్థించెను. ఆ 1975వ సంవత్సరముననే గ్రేట్ బారియర్ రీఫ్ సముద్రవన చట్టము అమలులోనికి వచ్చెను. దిబ్బలపై చమురు త్రవ్వకము నిషిద్ధమయ్యెను. చేపలు పట్టువారికి, యాత్రికులకు, శాస్త్రజ్ఞులకు వేర్వేరు హద్దు లేర్పరుప నారంభించిరి. 1979లో మొదటి భాగమును సముద్రవనముగా ప్రకటించిరి. క్రమముగా అది 3,44,400 చదరపు కిలోమీటర్లకు విస్తరించెను. 1981లో యునెస్కో సంస్థ ఆ దిబ్బలను ప్రపంచవారసత్వ సంపదలో చేర్చెను. ఈ పోరాటచరిత్రను జూడిత్ రైట్ స్వయముగా గ్రంథముగా వ్రాసి 1977లో ప్రకటించెను.

చట్టము త్రవ్వు యంత్రమును ఆపగలదు. సముద్రపు వేడిని ఆపజాలదు. పగడపు ప్రాణి దేహమున కంటికి కానరాని నాచు వసించి, ఎండవెలుతురుతో ఆహారము సిద్ధపఱచి దానికి పంచిపెట్టును. నీరు మితిమీరి వేడెక్కినచో ఆ నాచు వెడలిపోవును. పగడము తెల్లబడి, వేడి తగ్గనిచో చచ్చును. 1998లోను, తరువాత 2016, 2017, 2020, 2022, 2024 సంవత్సరములలోను ఆ దిబ్బలపై ఇట్టి తెలుపు విస్తారముగా కనబడెను. ఈ వేడి ఒక్క క్వీన్స్‌లాండ్ వారు కలిగించినది కాదు, వారొక్కరు ఆపగలిగినదియు కాదు.

జూడిత్ రైట్ 1970 తరువాతి సంవత్సరములలో క్వీన్స్‌లాండ్‌ను విడిచి, న్యూ సౌత్ వేల్స్‌లోని బ్రెయిడ్‌వుడ్ సమీపమున అడవినడుమ ఇల్లు కట్టుకొని నివసించెను. తన పూర్వుల చరిత్రను పరిశోధించినకొలది, వారు పశువులను మేపిన నేల ఆదిమవాసులనుండి ఎట్లు చేతులు మారినదో ఆమెకు తేటతెల్లమయ్యెను. ఆ సంగతిని ఆమె దాచలేదు. 1981లో వెలువడిన తన గ్రంథమున నిర్మొగమాటముగా వ్రాసెను. ఆదిమజాతి కవయిత్రి ఊజరూ నూనకల్ ఆమెకు ప్రాణస్నేహితురాలు. ఆదిమవాసుల భూమిహక్కులకై ఆమె మరల అవే ఉత్తరములు, అవే సభలు మొదలుపెట్టెను. అప్పటికి ఆమెకు మాట బొత్తిగా వినబడకుండ పోయెను. 2000వ సంవత్సరమున, తన 85వ యేట, ఆదిమవాసులకును తక్కిన ప్రజలకును సఖ్యము కలుగవలెనని కాన్బెర్రా నగరమున జరిగిన ఊరేగింపులో ఆమె పాల్గొనెను. తరువాత కొలదిదినములకే, జూన్ 25వ తేదీన, ఆ నగరముననే తుదిశ్వాస విడిచెను.